చెవుల పిల్లాడు

మా ఇంట్లో అనుమానం పొద్దున చాయ్‌తో పాటే మొదలయ్యేది. పాలు పలచగా ఉంటే పాలవాడి మీద, చక్కెర తగ్గితే నా మీద, అక్క అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడితే లోకం మొత్తం మీద. అమ్మ అనుమానించని మనిషి మా వాడ, మట్టెవాడలో ఒక్కరూ లేరు. ఆ గుణం నాకూ అచ్చంగా వచ్చింది, కాదని బుకాయించను.

ఎనభైల మొదట్లో మాట ఇది. అక్క పది పాసై, ఇంటర్ చదవడానికి హన్మకొండ పోతానంటోంది. ఆమె చెల్లెల్ని నేను, తొమ్మిదిలో ఉన్నాను. మేమిద్దరం ఎదురుచూసే వారపత్రిక ఒకటుండేది. దాని చివరి పేజీలో కాలేజీ పిల్లల బొమ్మల కథ వచ్చేది. బెల్‌బాటం ప్యాంట్లు, చెవులు కప్పే జులపాలు, స్కూటర్ మీద షికార్లు, ఎక్కడ చూసినా ప్రేమలేఖలు. అమ్మకు ఆ పేజీ అంటే మంట. పత్రిక ఇంట్లోకి రాగానే మేం చదివామో లేదో, ఆ పేజీ చింపి పొయ్యిలో పెట్టేది.

"గీళ్లు ఒక్కనాడన్న పుస్తకం పట్టిండ్రా? కాలేజీకి పోతే గిదేనా నేర్పేది?" అనేది అక్క వైపు చూస్తూ. బాపు అవునన్నట్టు తలూపేవాడు. ఆ తలూపుడే మాకు భయం. మిల్లు నుంచి వచ్చి ఆయన ఒకసారి వద్దంటే ఇక అంతే.

అక్క తెలివిగలది. పోట్లాడలేదు. పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి, తెల్లగా ఉన్న వైపు, ఆ కాలేజీ పిల్లలనే రెండో తరగతి పిల్లలుగా మార్చి తన సొంత బొమ్మల కథ గీయడం మొదలుపెట్టింది. అదే గుంపు, అవే అలకలు, అవే తగవులు. బెల్‌బాటాలు పోయి లాగులొచ్చాయి. స్కూటర్ బదులు కర్రతో కొట్టుకుంటూ దొర్లించే సైకిల్ టైరు. ప్రేమలేఖ బదులు బలపం ముక్క. హీరోకు నున్నగా క్షవరం చేయించి, నూనె రాసి, ముందు పన్ను ఊడగొట్టింది. ఇన్నాళ్లూ జులపాల కింద దాగిన చెవులు రెండు వైపులా చేటల్లా బయటపడ్డాయి.

అమ్మ విరగబడి నవ్వింది. "గిట్లుండాలె కథంటే! సక్కగ బడికి పోతాండ్రు పోరగాళ్లు" అని కాగితాలన్నీ గోడకు అంటించి, పక్కింటి వాళ్లను పిలిచి మరీ చూపించింది. అక్క కాలేజీ బస్సు ఎక్కినట్టే అనుకున్నాను.

ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ బియ్యం ఏరుతూ గోడ వైపు చూసి చేతులాపింది.

"గీ చెవులు నేనెక్కన్నో చూసిన."

ఎక్కడో కాదు, మా మేడ మీదే. పైన అద్దెకుండే వాళ్లబ్బాయి, ఇంటర్ రెండో సంవత్సరం. అతని చెవులు అట్లాగే ఉండేవి పాపం. తను చదివాక వారపత్రికను కిటికీ ఊచల్లోంచి మాకు అందించేది కూడా అతనే. పైగా కథలో ఆ చెవుల పిల్లాడు ఎప్పుడూ ఒకే పిల్లకు బలపం ఇస్తాడు. ఆ పిల్ల అక్కేనని అమ్మకు లెక్క తేలిపోయింది. సాయంత్రం బాపు చెవిన వేసింది.

బాపు చెప్పులు విప్పుతూనే అన్నాడు: "అనుమానమున్నకాడ కాలేజెందుకు? గది తీరేదాంక ఇంట్లనే ఉండనియ్."

అక్క, "అది ఉత్త బొమ్మ బాపూ" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "నువ్వు జర అక్క మీద కన్నేసి ఉంచు" అంది. నాకు చెప్పాల్సిన పనే లేదు, అప్పటికే వేశాను. ఎందుకంటే ఆ చెవులంటే నాకిష్టం. ఇప్పుడు చెబితే ఎవరికేం నష్టం? నల్లాలో ధర్మసాగర్ చెరువు నీళ్లు వచ్చే వేళకు అతను బిందె పట్టుకుని మెట్లు దిగేవాడు. సరిగ్గా అప్పుడే మా బిందె ఖాళీ అయ్యేది, కాకపోతే నేనే ఖాళీ చేసేదాన్ని. "ముందు నువ్వు పట్టుకో" అనేవాడు. ఆ ఒక్క మాటతో నాకు రోజంతా గడిచిపోయేది. అలాంటిది, అక్క అతని బొమ్మ గీసుకుని మురిసిపోతోందా! ఒళ్లు మండింది.

కథలోని పిల్లను పట్టి పట్టి చూశాను. రెండు జడలు, ఒక రిబ్బన్ ఎప్పుడూ ఊడి వేలాడుతుంటుంది. ఊడే రిబ్బన్ నాది. "ఏం పోరివే, రిబ్బన్ సక్కగ కట్టుకోరాదా?" అని అమ్మ నన్ను తిట్టని రోజు లేదు. అక్కది ఒంటి జడ, వెంట్రుక కదలదు. ఓహో, అమ్మ గుర్తుపట్టకుండా నా వేషం తను వేసుకుందన్నమాట, ఎంత దొంగ అనుకున్నాను. అక్కతో మాట్లాడటం మానేశాను.

ఇంతలో రాఖీ పున్నమి వచ్చింది. ఆ యేడు కాలేజీ సీట్లు ఆలస్యమై, బాపు ఇంకా ఏదీ తేల్చలేదు. మా వాడలో ఒక పద్ధతి ఉండేది. ఏ పిల్లాడి మీద అనుమానం వచ్చినా పున్నమి నాడు ఇంటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, ఆడపిల్ల చేత రాఖీ కట్టించేవాళ్లు. గొడవ లేదు, పంచాయితీ లేదు, ఆ క్షణం నుంచి వాడు అన్న. గుండెలో ఏమన్నా ఉన్న పోరగాళ్లు ఆ రోజు ఊళ్లోనే ఉండేవాళ్లు కాదు.

అతను ఉన్నాడు. అమ్మ పిలవగానే దిగొచ్చి పీట మీద కూర్చున్నాడు. పళ్లెంలో బొట్టు, హారతి, లడ్డూలు, స్పంజి పువ్వుల రాఖీలు రెండు. బాపు కుర్చీలోంచి అక్క చేతులనే చూస్తున్నాడు. అవి వణికితే కాలేజీ లేదు, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు బయటపడుతుంది చూడు అని నేనూ చూశాను.

వణకలేదు. సొంత అన్నకు కట్టినంత హాయిగా కట్టింది, లడ్డూ నోట్లో పెట్టింది. "అన్నా, నీ ఫస్టియర్ పుస్తకాలు నాకే ఇయ్యాలె" అని నవ్వింది. బాపు భుజాలు కిందికి దిగాయి. "సరే, పో కాలేజీకి" అన్నాడు.

అమ్మ రెండో రాఖీ నా చేతిలో పెట్టింది. "నువ్వు గూడ కట్టు."

అక్క గభాల్న నా చెయ్యి పట్టుకుంది. "అది చిన్నది, దానికెందుకమ్మా? నేను కట్టిన గద, చాలు."

ఆ గొంతులో బతిమాలుకోవడం ఉంది. అప్పుడు తెలిసింది నాకు. నల్లా దగ్గరి సంగతి అక్కకు తెలుసు. ఊడిన రిబ్బన్ వేషం కాదు, బొమ్మల్లో పిల్ల నేనే. తన చదువే పోయేలా ఉన్నా, 'ఆ పిల్ల నేను కాదు, చెల్లె' అని ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. అయ్యో అక్కా అనుకున్నాను.

అక్క గొంతులోని తేడా అమ్మ కూడా పసిగట్టింది. ఆమె చూపు అక్క మీది నుంచి మెల్లగా నా భుజం మీద వేలాడుతున్న రిబ్బన్ మీదికి వచ్చి ఆగింది. ఇంకాస్త ఆలస్యమైతే గోడ వైపు తిరిగేది. అప్పుడు చెల్లెలి గుట్టు దాచినందుకు అక్క కాలేజీ, దాంతో పాటు నా బడి, రెండూ పోయేవి. నేను ముందుకు వంగి రాఖీ కట్టేశాను.

"చెల్లె, జర మెల్లగ! చెయ్యి తెగుతాంది" అన్నాడతను నవ్వుతూ.

అక్క కాలేజీకి పోయింది. ఆ తర్వాత గీసిన బొమ్మల్లో చెవుల పిల్లాడు లేడు. ఏడీ అని అడిగితే, నా వైపు చూడకుండా, "టీసీ తీసుకొని నర్సంపేట బడికి పోయిండు" అంది. కథలో పోయాడు గానీ, ఇక్కడ ఎక్కడికీ పోలేదు. ప్రతి పున్నమికీ వచ్చాడు. పెళ్లయ్యాక భార్యను కూడా వెంటబెట్టుకుని వస్తున్నాడు. ఆవిడ నన్ను నోరారా వదినె అంటుంది. అమ్మ బతికున్నన్నాళ్లూ నేను కట్టిన ముడిని వంగి చూసేది, గట్టిగా పడిందో లేదోనని.