బుడన్‌బీ అడిగిన నీళ్లు

మా హిందూపురం వార్డులో ముస్లిం ఆడోళ్లు ఎవరు చనిపోయినా ఆఖరి స్నానం చేయించేది బుడన్‌బీ ఒక్కతే. ఎనభై ఒకటిలో మేం ఓట్లేసి గెలిపించిన కౌన్సిలర్ ఖాజాపీర్ మా సందు కొళాయి పీకించి తన వాకిట్లో పెట్టించుకున్నాడు. అప్పట్నుంచి బుడన్‌బీ ముసలి వయసులో ఊరిబయట బావి నీళ్లు మోసింది. ఆ సంగతి మరిచిపోలేదు.

మరుసటి ఎండాకాలం ఖాజాపీర్ తల్లి చనిపోయింది. కొళాయి నీళ్లు పట్టిపెట్టి బుడన్‌బీని పిలిపించినారు. ఆమె వస్తానే బిందెలన్నీ వాకిట్లో కుమ్మరించింది.

"దొంగనీళ్లు మీయమ్మకు పోయనప్పా. ఆ బావి నుంచి నువ్వే మోసుకోనిరా."

మిట్టమధ్యాహ్నం, వార్డంతా చూస్తాంటే, మోసినాడు.

చనిపోయినామెకు మాత్రం బుడన్‌బీ కన్నతల్లికి పోసినట్టు మెత్తగా పోసింది. అంతా అయినాక బయటికొచ్చి, "నా చేతులు కడుక్కోవాల. ఇంకో బిందె తీసకరాపో" అనింది.