ఒట్టు స్తంభం

దర్జీ నోట "రేపు" అన్న మాట వినని మనిషి ఉండడు. మా అక్కయ్య దుకాణంలో మాత్రం ఆ మాట వినబడదు. అక్కయ్యంటే తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య, నాకు తోడికోడలు. గుడ్డ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది శుక్రవారం సాయంత్రానికి అవుతుంది, అంతకు ముందు కాదు," అంటుంది. కాళ్లావేళ్లా పడినా గురువారానికి అవదు. శుక్రవారం వెళితే మాత్రం మడతపెట్టి సిద్ధంగా ఉంటుంది. కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం నా పని కాబట్టి ఆ శుక్రవారాల బరువెంతో నాకు తెలుసు.

ఆమెకు రెండు అలవాట్లున్నాయి. తెలియనిది తెలుసనదు. తెలిసింది మెల్లగా చెప్పడం చేతకాదు. ఒకసారి ఓ పెద్దావిడ కొత్త బట్టలు వేసుకుని అద్దం ముందు నిలబడి, "లావుగా కనబడుతున్నానా?" అని అడిగింది. అక్కయ్య కుండబద్దలు కొట్టినట్టు, "అవునండీ, కానీ ఈ రంగు మీకు బాగా నప్పింది," అంది. నాకు మిషను కింద దూరిపోవాలనిపించింది. ఆ పెద్దావిడ ఇప్పటికీ మా దగ్గరే కుట్టించుకుంటోంది. అద్దాన్ని నమ్మను గానీ మీ అక్కయ్యను నమ్ముతానంటుంది.

దేవుడి విషయంలోనూ అక్కయ్యది అదే తీరు. "ఉన్నాడో లేడో నాకు తెలియదు," అంటుంది. ఆ మాట మీద ఇంకో ముక్క పొడిగించదు. ప్రార్థనకు రమ్మంటే రాదు, వెళ్లేవాళ్లతో వాదించదు. నా భక్తి సంగతి అడక్కండి, అది అవసరాన్ని బట్టి వస్తుంది, పోతుంది.

మా అత్తగారి సంగతి వేరు. ఆవిడ పక్కింటావిడతో మాట్లాడినంత చనువుగా దేవుడితో మాట్లాడుతుంది. కూర మాడిందని చెబుతుంది, మోకాలు సలుపుతోందని చెబుతుంది. నా మీద చాడీలు కూడా చెబుతుంది, నా చెవులతో విన్నాను. ఆవిడ జపమాల రోజుకోసారైనా కనబడకుండా పోతుంది. ఇంటిల్లిపాదీ వెతుకుతాం. ఒకసారి పంచదార డబ్బాలో దొరికింది, ఒకసారి బావగారి బూటులో. ఎలా వెళ్లిందని అడిగితే, "ఆయనకే తెలియాలి," అని పైకి చూపిస్తుంది.

ఇలాంటి అత్తకూ అలాంటి కోడలికీ పొద్దున లేస్తే యుద్ధమే అనుకుంటారు చూసినవాళ్లు. ఏం లేదు, వాళ్లిద్దరికీ మహా పడుతుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో అక్కయ్యకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదట. అత్తగారే తన పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. "గిరాకీకి అబద్ధం చెప్పకు. నీకు తెలియనిది చెప్పకు. ఆయన వింటూ ఉంటాడు," అని కూడా నేర్పింది. అక్కయ్య మొదటి రెండు మాటలూ గట్టిగా పట్టుకుంది. మూడోది మాత్రం ఆవిడకే వదిలేసింది.

ఇంతకీ అసలు కథ మా దుకాణం ఎదురుగా ఉన్న దీపస్తంభంతో మొదలైంది. స్తంభం ఉంది, దీపం లేదు. ఎప్పుడు అడిగినా మా వార్డు మెంబరు గుండె మీద చేయి వేసుకుని, "దేవుడి మీద ఒట్టు, వచ్చే నెల వెలుగుతుంది," అనేవాడు. నెలలు వచ్చాయి, పోయాయి, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. వీధివాళ్లు దానికి ఒట్టు స్తంభం అని పేరు పెట్టారు. "ఒట్టు స్తంభం దగ్గర ఎడమకు తిరగండి," అని అడ్రసు చెప్పుకునేదాకా వచ్చింది. ఒకరోజు చీకటిపడ్డాక అత్తగారు వెళ్లి దానికి గుద్దుకుంది. నుదురు చిట్లి నిమ్మకాయంత బొప్పి కట్టింది.

ఆ బొప్పి చూసి వీధికి వీధే తాడెత్తున లేచింది. ఎన్నికలొస్తే పట్టుబట్టి అక్కయ్యను నిలబెట్టారు. ఆమె ఇల్లిల్లూ తిరిగి, "దీపం వేయిస్తాను. మురుగుకాలువ సంగతి చూడాలి, నాకింకా తెలియదు," అని చెప్పింది. ఇదేం ప్రచారమని నేను తల పట్టుకున్నాను. జనం ఓట్లు వేసి గెలిపించారు. గెలిచావని ఫోను వచ్చినప్పుడు ఆమె చేతిలో కత్తెర ఉంది. కోటు చేయి కత్తిరించడం పూర్తయ్యాకే కూర్చుని నవ్వింది.

చిక్కంతా ప్రమాణ స్వీకారం దగ్గర వచ్చింది. దైవసాక్షిగా అనైనా చెయ్యవచ్చు, మనస్సాక్షిగా అనైనా చెయ్యవచ్చు, మీ ఇష్టం అన్నారు ఆఫీసువాళ్లు. అక్కయ్య రెండోదన్నది. ఆ కబురు సాయంత్రానికల్లా వీధి చివరికి పాకింది. ప్రార్థన మందిరం కమిటీ పెద్ద అయిన రంగుల షాపాయన మా దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. ఆయన అమ్మే తెల్ల రంగు రెండు వానలకు పచ్చబడుతుంది, అది వేరే సంగతి.

"ఒక్క మాట చెల్లెమ్మా. పైకి అనెయ్. లోపల ఏమనుకుంటున్నావో ఎవరికి తెలుసు?" అన్నాడు.

"నాకు తెలుసు కదా అన్నయ్యగారూ," అంది అక్కయ్య.

"జనం ఊరుకోరమ్మా. సభలోనే లేచి అడుగుతారు."

"అడిగితే చెబుతాను."

జనం సంగతి అటుంచితే, ఇంట్లో అత్తగారికి ఈ కబురు పుండు మీద కారమైంది. "అంతమంది ముందు నా కోడలు దేవుడి పేరు దాటేస్తుందా? అట్లా అయితే నేను రాను. మీరే వెళ్లి చప్పట్లు కొట్టుకోండి," అంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే. మా ఇంట్లో కోడలి మీద కోపం గిన్నెలన్నిటి మీదా చూపించింది అత్తగారు. బావగారు చప్పుడు పడలేక డ్యూటీ లేని రోజు కూడా బస్సు డిపోకు వెళ్లిపోయారు.

అక్కయ్య మొహం మాడిపోయింది. రంగుల షాపాయన మాటకు చలించని మనిషి మిషను ముందు కూర్చుని దారం తెగినా చూసుకోవడం లేదు.

"ఆవిడ రాకపోతే నేనెట్లా నిలబడతానే," అంది నాతో.

నేను ఆగలేకపోయాను. "ఆ ఒక్క ముక్కా అనెయ్యి అక్కా. ఆవిడ సంతోషిస్తుంది, ఇల్లు చల్లబడుతుంది."

"అంటే వస్తుంది. కానీ ఇన్నేళ్లలో ఆవిడకు నేను చెప్పిన మొదటి 'రేపు' అదే అవుతుంది," అంది.

 అప్పుడామె మీద నాకు కలిగిన గౌరవాన్ని పైకి చెప్పలేక బొత్తాల డబ్బా సర్దుతూ కూర్చున్నాను.

ఈ గొడవకు ముందే అత్తగారికి చలికోటు కుట్టి ఇస్తానని, బుధవారానికి అవుతుందని అక్కయ్య చెప్పింది. గురువారం ప్రమాణం. బుధవారం సాయంత్రానికి కోటు అత్తగారి కుర్చీ మీద ఉంది. ఆవిడ దానివైపు కన్నెత్తి చూడలేదు.

"వేసుకోకపోతే మానె, చూడండి అత్తయ్యా. బొత్తాలు నేను కుట్టాను," అని నేనే తీసుకెళ్లి ఒళ్లో పెట్టాను.

ఆవిడ నన్ను చూసి జాలిపడి చేతులు దూర్చింది. కొలత అతికినట్టు సరిపోయింది. లోపల ఎడమవైపు తడిమి ఆగింది. అక్కడ చిన్న జేబు, దానికో మూత, మూతకో బొత్తాం. ఆ బొత్తాం కుట్టింది నేనే గానీ, అంత బుల్లి జేబు ఎందుకో నాకు తెలియలేదు. అత్తగారికి మాత్రం వెంటనే తెలిసింది. చేతిలోని జపమాల అందులో జారవిడిచింది. మాల సరిగ్గా పట్టింది. బొత్తాం పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"ఇది నేనడిగానా?" అంది.

"లేదు."

"మీ అక్కయ్యకు ఆయనతో పని లేదు కదా. మరి ఇదెందుకు పెట్టినట్టు?"

"మీకుంది కదా పని," అన్నాను.

ఆవిడ ఆ జేబును అరచేత్తో నిమిరింది. కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది గానీ, ఇద్దరం ఏడిస్తే ఓదార్చేవాళ్లెవరూ ఉండరని ఊరుకున్నాను. ఆ రాత్రి గిన్నెలు చప్పుడు చేయలేదు.

గురువారం పొద్దున మేము తయారయ్యేసరికే ఆవిడ కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. "ఇంకా దువ్వుకోవడమేనా? ఆలస్యమైతే ముందు వరుస దొరకదు," అని మా మీద కసిరింది. అక్కయ్య దువ్వెన పక్కన పెట్టింది. వంగి ఆవిడ కాలర్ సరిచేసింది, అంతే.

హాలు కిటకిటలాడుతోంది. అక్కయ్య మైకు ముందుకు వెళ్లి, ముందు వరుసలోకి ఒకసారి చూసి, మనస్సాక్షిగా ప్రమాణం చేస్తున్నానని చదివింది.  వెనక గుసగుసలు మొదలయ్యాయి. అనుకున్నట్టే రంగుల షాపాయన లేచాడు.

"దేవుడి పేరు ఎందుకు వదిలేశారో సభకు చెప్పాలి."

అక్కయ్య నోరు తెరిచేలోపు మా అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేచింది.

"కూర్చో నాయనా. ఆయన పేరు మీద పెట్టిన ఒట్టు మా వీధిలో స్తంభమై నిలబడి ఉంది. దాని గుర్తు ఇదిగో, నా నుదుటి మీదుంది. ఇంకో ఒట్టు తట్టుకునే ఓపిక నాకు లేదు. దేవుడి సంగతి నేను చూసుకుంటాను. దీపం సంగతి అది చూసుకుంటుంది."

 తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెనక హాలంతా నవ్వింది. పాత మెంబరు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. రంగుల షాపాయన కూడా చివరికి నవ్వేసి కూర్చున్నాడు, ఆయన చెడ్డవాడేం కాదు.

దీపం ఎప్పుడని వీధివాళ్లు అడిగితే, ముందు తీగ చూడాలంది అక్కయ్య. చూశాక ఒక శుక్రవారం చెప్పింది. ఆ శుక్రవారమే వెలిగింది. వీధంతా స్తంభం కిందకు చేరింది. పిల్లలు తమ నీడలు తొక్కుకుంటూ గెంతారు. పేరు మాత్రం మారలేదు, ఇప్పటికీ అది ఒట్టు స్తంభమే.

అత్తగారు తల పైకెత్తి ఆ వెలుగునే చూస్తోంది. అక్కయ్య పక్కన చేరి, "ఆ రోజు నేను పేరు వదిలేసినందుకు మీ దేవుడికి కోపం రాలేదా అత్తయ్యా?" అని అడిగింది.

"బయలుదేరే ముందే అడిగాను. ఆయనకేం అభ్యంతరం లేదట."

అక్కయ్య గుడ్డ తిప్పి చూసినట్టే ఆవిడ మొహంలోకి చూసింది. "నిజంగా అన్నాడా?"

"తెలియనిది చెప్పకూడదని నీకు నేర్పిందెవరే?" అని అత్తగారు కోటు లోపలి జేబుకు బొత్తాం పెట్టుకుని ఇంట్లోకి నడిచింది.