ఆదోనిలో నాయన చెయ్యి

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్ను మిషను మా నాయన కుడిచేతిని లాక్కుంది. ఆసుపత్రిలో మోచేతి పైదాకా తీసేశారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు అన్నారు అందరూ. మా అమ్మ మాత్రం ఆ చేతిని తనకిమ్మని పట్టుబట్టింది. తెల్లగుడ్డలో చుట్టి ఇస్తే, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని సమాధుల తోటకు తీసుకుపోయింది.

మా చర్చి సంఘం అయ్యగారు తటపటాయించారు. "చేతికి చెప్పే ప్రార్థన నా దగ్గర లేదమ్మా" అన్నారు.

"మనిషికి సెప్పేదే సెప్పండయ్యా. సచ్చినోళ్లను లేపే కడబూర మోగినప్పుడు ఆయప్ప మొండిసెయ్యితో లేస్తే యెట్ల?"

అయ్యగారు ఆ ప్రార్థనే చెప్పారు. మావాళ్లను కాళ్లు తూర్పుకు పెట్టి పూడుస్తారు, లేవగానే ప్రభువు వచ్చే దిక్కు కనబడాలని. చేతికి కాళ్లెక్కడివి? అమ్మ వేళ్లను తూర్పుకు పెట్టించి, గుర్తుకు ఒక రాయి పాతింది.

ఒంటిచేతి మనిషికి ఆదోనిలో పనెవరిస్తారు? అమ్మ పుట్టిల్లు యెమ్మిగనూరు చేరుకున్నాం. మామ మగ్గం నేస్తే అమ్మ కండెలు చుట్టేది. నాయన అరుగు మీద కూచుని లేని చేతిని గోక్కునేవాడు. "వేళ్ల సందున మన్ను దూరినాది" అనేవాడు. అప్పుడు నాకు పదేళ్లుంటాయి. భయమేసేది, భయపెడుతున్నాడని ఆయన మీద ఒళ్లు మండేది.

ఏటా, ప్రభువు సమాధిలోంచి లేచిన పునరుత్థాన పండుగకు, నాయనకు తోడు నేనే బస్సెక్కి ఆదోని పోయేదాన్ని. అందరూ పోయినవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, మా నాయన ఎడమచేత్తో తన కుడిచేతికి వెలిగించేవాడు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఒకసారి ఎవరో, "బస్సులో సీటుకు తువ్వాలేసినట్ల, సెయ్యిని ముందే పంపించినావేం అన్నా?" అని ఎగతాళి చేశారు. నాయన కూడా నవ్వాడు. నవ్వి, పక్కనే ఉన్న అయ్యగారి వైపు తిరిగాడు.

"నేను యెమ్మిగనూరులో సస్తే ఇది ఈడ లేస్తాది, నేను ఆడ లేస్తాను. యాడ కలుసుకుంటామయ్యా?"

"మన్నుతో మనిషిని చేసినవాడికి నీ చెయ్యి ఎవరిదో తెలియదా?"

"ఆయనకు తెలుస్తాది. నా సెయ్యికి తెల్లాల గదా, నేను ఊరు మారినానని."

ఇంటికొచ్చి నేను ఆ మాట చెబితే, ఎక్కడ పోయినా నిన్ను దాని పక్కనే పండబెడతానని అమ్మ నాయనకు మాటిచ్చింది. ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు.

కొన్నేళ్లకు, మండు వేసవిలో, నాయన జ్వరంతో పోయాడు. ఈ ఎండకు శవం ఆగదు, ఈడనే పూడుద్దామని మామ ఎంత చెప్పినా అమ్మ వినలేదు. ఎద్దులబండిలో వేపాకు పరిచి, నాయన్ను ఆదోని చేర్చింది. దారిపొడుగునా నేను తడిగుడ్డ మారుస్తూ కూచున్నాను.

మనిషీ చెయ్యీ ఒకే గుంతలో ఉండాలని అమ్మ ఆ రాయి కిందనే తవ్వించింది. గుడ్డ లేదు, ఎముక లేదు. అటూ ఇటూ తవ్వారు, ఇంకా లోతుకు తవ్వారు. ఉత్త ఎర్రమన్ను. "కుక్కలు లాక్కపోయింటాయి" అని ఎవరో గొణిగితే అయ్యగారు కళ్లతోనే కసిరారు.

అమ్మ ఏడవలేదు. నాయన చొక్కా కుడిచెయ్యిని ఎప్పుడూ మడిచి పిన్నీసు పెట్టేది. గుంతలో దించేముందు ఆ పిన్నీసు తీసేసింది. ఖాళీ చొక్కాచేతిని పక్కన పొడుగ్గా చాపి, ముడతలు తీసింది. అలాగే పూడ్చాం.

యెమ్మిగనూరు తిరిగొచ్చిన సాయంత్రం, దీపం పెట్టి నేను తలుపు గడియ వేయబోయాను. అమ్మ నన్ను ఆపింది.

"ఎయ్యొద్దు పాపా. ఆ సెయ్యి మీ నాయన్ను ఎతుక్కుంటా ఈడికే బయలుదేరింటాది. వస్తే సెప్పాల గదా, ఆయప్ప ఆదోనికి పోయినాడని."

అమ్మ బతికినన్నాళ్లూ ఆ తలుపుకు గడియ పడలేదు. గాలికి కిర్రుమన్నప్పుడల్లా కండెలు చుట్టడం ఆపి, కిందికి, గడప వైపు చూసేది. నేనూ చూసేదాన్ని.