అప్పగింతల పాట ఇరుక్కుపోయిన కారు

మా చిన్నప్పుడు... మా పిన్ని పెళ్లయిన మధ్యాహ్నం, గుడివాడలో మా ఇంటి ముందు పందిట్లో, అమ్మమ్మ గొంతు పూడుకుపోయింది. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా అప్పగింతల పాట అమ్మమ్మే పాడాలి. తన కూతురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట పెగల్లేదు...

మావయ్య ఊరుకుంటాడా? అంతకుముందెప్పుడో సరదాగా అమ్మమ్మ చేత పాడించి రికార్డు చేసిన కేసెట్టు తెచ్చి, తన కారులో పెట్టి, తలుపులన్నీ బార్లా తెరిచాడు. కారుతో పాటే వచ్చిన కంపెనీ ఫిట్టింగ్ ప్లేయరు మరి... ఆయన గొప్పంతా అదే. పందిరంతా వినబడింది. తన పాట వింటూ అమ్మమ్మే ఏడ్చింది.

ఆ కేసెట్టు తీయడం ఎవరికీ గుర్తు రాలేదు.

అదే కారులో పిన్నిని అత్తారింటికి, అవనిగడ్డకి, బయల్దేరదీశారు. మావయ్య డ్రైవింగు, పక్కన పెళ్లికొడుకు. వెనకాల పిన్ని, పెళ్లికొడుకు మేనత్త, మధ్యలో తోడుపెళ్లికూతురిగా నేను. తాళం తిప్పగానే మళ్లీ అదే పాట... మావయ్య కేసెట్టు బయటికొచ్చే బటన్ నొక్కాడు. రాలేదు. సౌండు తగ్గిద్దామని నాబ్ తిప్పితే అది కాస్తా ఊడి చేతికొచ్చింది. ఇంజను ఆగితే తప్ప పాట ఆగదు. పెళ్లికూతురు అత్తారి గడప తొక్కేదాకా కారు ఆపకూడదు... అది మా వైపు పట్టింపు. ఇక చూసుకోండి మా అవస్థ.

ఒక వైపు అయిపోయింది, హమ్మయ్య అనుకునేలోపు దానంతట అదే రెండో వైపు తిరిగేది. అటువైపూ అమ్మమ్మే. బయట దుమ్మని అద్దాలు ఎత్తేశారు. లోపల మల్లెపూలు, చెమట, పెట్రోలు వాసన... పిన్ని నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆమె గాజులు నాకు గుచ్చుకున్నాయి.

పామర్రు దాటాక మెల్లగా అడిగింది. "అన్నయ్యా, ఒక్క నిమిషం ఆపవా? దిగి కాస్త గాలి పీల్చుకుంటాను."

"ఎంతమ్మా, ఇట్టే వెళ్లిపోతాం" అన్నాడు మావయ్య, వెనక్కి తిరక్కుండానే.

చల్లపల్లి దగ్గర మళ్లీ అడిగింది. ఈసారి మేనత్తగారు అందుకున్నారు. "మధ్యలో దిగకూడదమ్మాయ్, మంచిది కాదు. ఓర్చుకోవాలి."

పెళ్లికొడుకు, అంటే మా బాబాయి, అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పిన్ని ఇంక అడగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది నాకు.

ఆ కేసెట్టు మరి బయటికి రాలేదు. కొన్నాళ్లకి ప్లేయరూ మూగబోయింది. కారు ముదినేపల్లిలో మావయ్య చేపల చెరువు దగ్గర షెడ్డులో, మేత బస్తాల పక్కన ఉండిపోయింది. అమ్మమ్మ పోయాక గాని తెలియలేదు, ఆమె గొంతు ఇంకెక్కడా లేదని.

మొన్నీమధ్య మావయ్య ఆ కారుని పాత ఇనుముకి ఇచ్చేస్తానన్నాడు. సంగతి తెలిసి పిన్ని బస్సెక్కి వచ్చేసింది. ట్రాక్టరుకి కట్టి కారుని గుడివాడ లాక్కొచ్చి, ఒక మెకానిక్కుకి చూపించాం. డాష్‌బోర్డు విప్పి చూసి చెప్పాడు.

"ప్లేయరులో రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయిందండి. రీలు లోపల చుట్టేసుకుంది. ఇప్పుడు లాగితే తెగుద్ది. బెల్టు మార్చి, ముందు తిప్పి చూద్దామండి. అప్పుడైనా తెగితే తెగొచ్చు... మీ ఇష్టం."

"కానివ్వండి" అంది పిన్ని. ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. నేను వెనక.

బెల్టు మార్చి బ్యాటరీ తగిలించాడు. కాసేపు గరగర... ఆ తర్వాత అమ్మమ్మ. గొంతు కొంచెం సాగినట్టుంది గాని, అమ్మమ్మే.

పిన్ని మొహం పాలిపోయింది. ఆపమంటుందనుకున్నాను. తలుపు తీసుకుని దిగిపోయింది. రోడ్డు పక్కన, ఆటోల మధ్య నిలబడి, కొంగైనా అడ్డం పెట్టుకోకుండా భోరున ఏడ్చింది. మావయ్య కంగారుగా దగ్గరికి వెళ్లబోతే, "నన్ను ఏడవనీ అన్నయ్యా" అంది. ఆయన అక్కడే ఆగిపోయాడు.

పాట అయిపోయింది. రీలు తెగలేదు. మెకానిక్కు కేసెట్టు తీయబోతుంటే పిన్ని అక్కణ్నించే అంది.

"ఇంకోసారి పెట్టు బాబూ. నేనిక్కడే నిలబడి వింటాను."

ఇప్పటి పెళ్లికూతుళ్లు దారిలో నచ్చిన చోట కారు ఆపించుకుని, ఫొటోలు దిగి, చెరుకురసం తాగి మరీ అత్తారింటికి వెళ్తున్నారు. చూసి మూతి తిప్పేవాళ్లూ ఉన్నారు... నాకు మాత్రం కడుపు నిండిపోతుంది. మా పిన్ని అడిగింది ఒక్క నిమిషమే కదా...

మీ ఇళ్లలోనూ ఎవరో ఒకరు అడిగే ఉంటారు, కాసేపు దిగుతానని. ఆపారా?