ఒట్టి పూస కూడా వణికింది

ఇటు రా తల్లీ, చాప మీద నా పక్కన చోటుంది. కాళ్లు చాపుకుని కూర్చో. ఆదివారం పొద్దున ఇంత బోసిగా ఉన్న ఈ వంటింట్లో ఒకప్పుడు ఎవరి గొంతు వినబడేదో చెబుతాను.

మా ఆయన ఈ సూరత్‌లోనే పెద్ద చదువు చెప్పేవారు. మన ఒంట్లో ఉండే అతి చిన్న పదార్థాలు ఎలా మడతలు పడతాయో, ఎంత బలంతో లాగితే విడతాయో కొలిచే చదువు అది. డాక్టరేటు కోసం పిల్లలు ఏళ్ల తరబడి ఆయన దగ్గర పనిచేసేవారు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరికి ఏ ఫలితం వచ్చినా ముందు అడాజన్‌లోని మా ఫ్లాటుకు వచ్చి వంటింట్లో నాకు చెప్పాలి. కాగితం చూపించకూడదు. నేను చదివింది ఐదో తరగతి, తప్పొప్పులు నాకేం తెలుస్తాయి? చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "తర్వాత?" అనేదాన్ని, అంతే. ముందు గదిలో పేపరు చాటున ఆయన వినేవారు. చెప్పేవాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ పని మిగిలినట్టని ఆయన లెక్క.

అలా వచ్చినవాళ్లలో ఒక అమ్మాయంటే నాకు ప్రాణం. కరీంనగర్ వైపు నేతవాళ్ల పిల్ల. పుట్టింది, పెరిగింది ఇక్కడే, వాళ్ల నాన్న నడిపే మరమగ్గాల చప్పుడులో. ఒక ఆదివారం చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"అత్తమ్మా, దొరికింది! గిటు సూడుండ్రి. ఇగో, ఈ చిక్కుడు గింజ పూస అనుకోండ్రి. అసలుది కంటికి కనబడదు. దీన్ని లేజరు వెలుగుతోని పట్టుకుంట. దీనికి ప్రోటీన్ పోగు కట్టి ఉంటది. లాగితే మడత ఇడుస్తది, మల్ల మూస్కుంటది. ఒక్క తీరుగ, ఎంత బరాబర్ వణుకుతదో!"

"తర్వాత?"

"పోగు లేకుంట ఒట్టి పూసను గూడ పట్టి సూసిన. కదలలే. అంటే గా వణుకు పోగుదే!"

"ఆ పూస ధ్యాసలో మీ అత్తమ్మ ఉప్మాలో ఉప్పు మరిచింది" అన్నారు ముందు గదిలోంచి మా ఆయన.

"అత్తమ్మ చేతి ఉప్మా ఉప్పు లేకున్నా నడుస్తది సార్, తినుండ్రి" అంది ఆ గడుగ్గాయి.

ఆ ఫలితం మీదే డాక్టరేటు రాసుకోవచ్చని ఇద్దరూ సంబరపడ్డారు. కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"అంతా బేకార్ అయింది అత్తమ్మా. వారంల ఒక్క దినం మగ్గాలకు రజా గదా. నాయిన ఇంట్ల ఉంటడు. జల్ది ఇంటికి పోవచ్చని అల్కటి, తేలిక పని, ఒట్టి పూస పని, గా రజా దినానికే పెట్టుకున్న. పోగు పని తక్కిన దినాల్ల చేసిన. మొన్న మగ్గాలు నడుస్తుండంగ ఒట్టి పూసను పట్టిన. అది గూడ వణికింది."

వాళ్ల ప్రయోగశాల గోడ అవతల మరమగ్గాల కార్ఖానా ఉంది, దానికీ ఆ రోజే సెలవు. నేలతో పాటు పూసను ఊపింది ఆ మగ్గాలే, పోగు కాదు. ఇంకొకరైతే ఆ చప్పుడుకు మొదటిరోజే చెవులు మూసుకునేవారు.

"నాకు ఇనబడనే లేదు. మా ఇంట్ల ఎప్పటికీ గిదే సప్పుడు. ఇడిసిపెడత అత్తమ్మా, నాయినకు కార్ఖానాల ఆసరైత."

అలవాటుగా "తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంటది, ఏం లేదు!" అని ఏడ్చేసింది.

మా ఆయన పేపరు మడిచి వచ్చి మా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. "నీ తప్పు నువ్వే పట్టుకున్నావమ్మా. నేను నేర్పాలనుకున్నది అదే. పోగు ఎక్కడికీ పోలేదు. కదలని నేల మీద చూడాలి, అంతే."

"గా నేల సూరత్‌ల ఏడుంది సార్?"

"సూరత్‌లో లేదు."

ఆ మాటకు చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడో దూరపు ఊళ్లో, ఏ ఊపూ తగలకుండా నేల కింద కట్టిన ప్రయోగశాల ఉందట. అక్కడి స్నేహితుడితో మాట్లాడి ఆయనే పంపించారు. డబ్బా నిండా సకినాలు పోసిచ్చాను గానీ, ఉండిపోవే అనలేకపోయాను.

ఆ తర్వాత ఆయనా రిటైరయ్యారు. ఇప్పుడు ఏ పిల్లలూ రారు. పోయిన నెల ఆ అమ్మాయి ఫోను చేసింది.

"అత్తమ్మా, పోగు నిజంగనే మడత ఇడిసింది! గా బరాబర్ వణుకు లేదు. జర ఆగుతది, ఒక్కపారి ఇడుస్తది. ఎప్పుడిడుస్తదో దాని ఇష్టం!"

ఆయన వింటూ కళ్లు తుడుచుకున్నారు. "ఇంక ఆ పిల్లకు మన అవసరం లేదు" అన్నారు. గురువుగా ఆయనకది పండగ. నాకు మాత్రం గుండెలో ఏదో ఖాళీ అయింది.

ఈ ఊరి నేల కదలకుండా ఉంటే ఆ పిల్ల ఇక్కడే ఉండేది కదా అని, ఎక్కడ మగ్గం చప్పుడు విన్నా అనిపిస్తుంది. మళ్లీ, ఆ మగ్గాలే కదా దానికి అన్నం పెట్టి మా గుమ్మం దాకా పంపాయి అని ఊరుకుంటాను.

ఎండెక్కింది, ఇంక లే తల్లీ. మీ ఇంటి పిల్లలు చదువుకోవడానికి ఎంత దూరం పోయినా చల్లగా ఉండాలి. వాళ్ల కబుర్లతో మీ ఇల్లు ఎప్పుడూ కళకళలాడుతూ ఉండాలి.