చివరి పోగు ఎవరిది?

నా చిన్నప్పుడు మా పేటలో నాకొక ఉద్యోగం ఉండేది: వీపు తిప్పి నిలబడటం. బళ్ళోనూ నేను చేసేది అదేనని మా పంతులుగారు అనేవారు గానీ, మామిడితోటలో మాత్రం దానికి గౌరవం ఉండేది.

నూజివీడు చుట్టుపక్కల వేసవిలో గాలివాన వస్తే రసాలు పక్వానికి రాకముందే రాలిపోయేవి. తోటను గుత్తకు తీసుకున్నాయన ఆ కాయల్ని కూలివాళ్ళకే వదిలేసేవాడు. మా నాయనమ్మ వాటిని ఇంటికొకటి చొప్పున పోగులు వేసేది. ఒకరికి మంచివి, ఒకరికి పగిలినవి వచ్చాయన్న మాట రాకుండా, ఒక పిల్లను పోగులకు వీపు పెట్టి నిలబెట్టేవాళ్ళు. నాయనమ్మ ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఈ పోగెవరిదే?" అని అడిగితే, నేను చూడకుండా ఒక ఇంటివాళ్ళ పేరు చెప్పాలి. ఎవరి పేరొస్తే ఆ పోగు వాళ్ళది. ఇక దాని మీద తగువు ఉండేది కాదు.

ఆ ఏడు గాలివాన తోటను ఊడ్చేసింది. కొమ్మల మీద కోయడానికి ఏమీ మిగల్లేదు. శ్రీకాకుళం వైపు నుంచి, కొసన వల కట్టిన చిక్కపు కర్రలతో కాయ కోతకు వచ్చి, తోటలోనే పాక వేసుకున్న ఒక కుటుంబానికి పని పోయింది. రాలినవాటిని ముక్కలు కోసి, ఎండబెట్టి, ఒరుగులుగా అమ్ముకుంటే దారిఖర్చులకైనా వస్తాయని ఆ ఇంటి అక్క ఆశ.

ఆవేళే మా వీధి మావయ్య ఎడ్లబండి ఎక్కాడు. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఆయన మాట ముందు మా రసాలు కూడా పులుపే. "మనమెవరం? జనం! ఈ తోటకి చెమటోడ్చింది మనం. నిన్నగాక మొన్నొచ్చినవాళ్ళకి మన నోటికాడి కాయ పెడతామా? ఇది నా మాట కాదు, జనం మాట!" అన్నాడు. పేటంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. జనం అంటే ఏంటో నాకు తెలియదు గానీ, అందులో నేనున్నానని మాత్రం అర్థమైంది. ఆ సంతోషం చిన్నది కాదు.

నాయనమ్మ వాదించలేదు. ఎప్పటిలాగే పోగులు వేసింది, ఆ కుటుంబానిది కూడా కలిపి.

"వాళ్ళ పేరు పిలవకూడదత్తా," అన్నాడు మావయ్య.

"పిలిచేది నేనా అల్లుడూ? పిల్ల కదా," అంది.

నేను ఒక్కో ఇంటి పేరూ చెప్పుకుంటూ వెళ్ళాను. పేటలో ఇళ్ళు అయిపోయాయి. అయినా వెనక నుంచి "ఈ పోగెవరిదే?" అని మళ్ళీ వినిపించింది. మిగిలింది ఒక్క పేరే. పోగులకు వీపు పెట్టానేమో, నా కళ్ళకెదురుగా ఉన్నది ఆ పాకే. గుమ్మంలో ఖాళీ గంపతో ఆ అక్క నిలబడి ఉంది. ఆమెను చూస్తూ పేరు మింగలేను, మావయ్య వింటుండగా కక్కలేను. చివరికి "జనానిది" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"అయితే ఆ జనాన్ని వచ్చి తీసుకోమను," అంది నాయనమ్మ.

పోగు దగ్గరకు ఎవరూ రాలేదు. ఎవరి కాయలు వాళ్ళ గంపల్లో ఉన్నాయి. అప్పుడు మావయ్య గొంతు వినిపించింది. "జనం తరఫున నేను తీసుకుంటాలే అత్తా." మళ్ళీ చప్పట్లు. నేను తిరిగి చూసేసరికి పోగు ఆయన కండువాలో ఉంది.

"ఓహో, జనమంటే నువ్వొక్కడివేనా అల్లుడూ? తెలీక ఇన్నాళ్ళూ ఇన్ని పోగులేశాను," అంది నాయనమ్మ. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు కూడా ఆ కాయలు వెనక్కి పెట్టమని అనలేదు.

నాయనమ్మ మా పోగును తీసుకెళ్ళి ఆ అక్క గంపలో పోసింది. ఆమె వద్దనలేదు, మా వైపు చూడనూ లేదు. మరుసటి వేసవికి వాళ్ళు కోతకు రాలేదు. మావయ్య ఆ ఎన్నికల్లో గెలిచాడు. ఆయన చెడ్డవాడని అనలేను. మా వీధికి దీపం వేయించింది ఆయనే. చెడ్డవాడైతే ఒక్క కోపంతో సరిపోయేది.

ఇలా జనం పేరు చెప్పి మాట్లాడటాన్ని ఇప్పుడు జనాకర్షక రాజకీయం అంటున్నారు. ఊరికే పంచిపెట్టడమే ఆ మాటకి అర్థమని మా మనవడు వాదిస్తాడు. పంచడం మా నాయనమ్మకూ తెలుసు. ఎవరు జనమో, ఎవరు కాదో ఒక్క మనిషే బండెక్కి తేల్చేస్తే నాకు భయం వేస్తుంది.

ఈమధ్య ఆటోకి మైకు కట్టుకుని "జనం కోరుకుంటున్నారు" అంటూ మా వీధిలోంచి వెళుతున్నారు. నా చేతులు ఇప్పటికీ చప్పట్లకు తొందరపడతాయి. వాటిని పట్టుకుని, మెడనొప్పితోనే వెనక్కి తిరిగి, పోగు ఎవరి కండువాలోకి పోతోందో చూస్తాను. ఖాళీ గంపతో నిలబడ్డ మనిషిని మాత్రం వెతకక్కర్లేదు. ఆమె ఎప్పుడూ నాకు ఎదురుగానే ఉంటుంది.