పార్శీ ఆంటీ పూలకూజా

మొన్న ఆగస్టులో ఒక ఉదయం నేను మా మేనకోడలి మీద విరుచుకుపడ్డాను. కారణం చెబితే మీరు నవ్వుతారు. నా చిన్న వెండి పూలకూజాలో ఆ అమ్మాయి ప్లాస్టిక్ గులాబీలు పెట్టనిచ్చింది. పాపం, దాని తప్పేమీ లేదు. గచ్చిబౌలిలో పధ్నాలుగో అంతస్తులో కొత్తగా కొనుక్కున్న ఫ్లాటు, హాల్లో ఏది ఎక్కడ ఉండాలో చెప్పడానికి ఒక కుర్రాడిని జీతమిచ్చి మరీ పెట్టుకుంది, అతను నేను పెట్టెలోంచి తీసి తోమి ఉంచిన కూజాని చూసి ఇది బాగుంది మేడం అని ముచ్చటపడి అందులో ఎప్పటికీ వాడిపోని పూలు గుచ్చి టీవీ కింద అలంకరించి వెళ్ళాడు. నేనేమో ఆ పొద్దున్నే ఆటో ఎక్కి మదీనాగూడ దాకా వెళ్ళి, రోడ్డు పక్కన బుట్ట పెట్టుకున్న ఆవిడ దగ్గర వాన తడి ఆరని గులాబీలు, ఒక లిల్లీ ఏరి తెచ్చుకున్నాను. ఎందుకంటే మా చుట్టుపక్కల అద్దాల మేడలున్నాయి, కాఫీ హోటళ్ళున్నాయి, పూలమ్మే మనిషి మాత్రం లేదు. తలుపు తీసి ఆ ప్లాస్టిక్ చూడగానే నా ఒళ్ళు మండిపోయింది. పోయినవాళ్ళకి ఎవరైనా ప్లాస్టిక్ పూలు పెడతారుటే అని అరిచాను.

మేనకోడలు లాప్‌టాప్ మూసి నా వంక వింతగా చూసి, “ఎవరు పోయారత్తా?” అంది.

అది నా తమ్ముడి కూతురు. నాకు పెళ్ళి కాలేదు, ఎందుకు కాలేదని అడిగే వయసు మీకూ నాకూ ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. నేను రిటైరయ్యాక ఇది నన్ను తన దగ్గర పెట్టుకుంది. ప్రేమగానే చూస్తుంది, అయితే పొద్దున ఆఫీసు బస్సెక్కిపోతే చీకటి పడ్డాక వస్తుంది, ఇంట్లో ఉన్న రోజున చెవుల్లో ఏవో పెట్టుకుని ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతూ ఉంటుంది. ఇన్నేళ్ళుగా నేను ఆగస్టు వచ్చిందంటే ఆ కూజా తోమి పూలు పెట్టడం అది చూస్తూనే ఉంది, ఏదో ముసలావిడ సరదా అనుకుంది. అందుకే దాని ప్రశ్నకి జవాబు చెప్పాలంటే నేను ముందు సికింద్రాబాదు దాకా, వెనక్కి నా ఇరవయ్యేళ్ళ వయసు దాకా నడవాల్సి వచ్చింది.

ట్రంకాల్ బుక్ చేసుకుని పూటంతా ఎదురుచూసిన తరం మనది, మీకు చెప్పనక్కర్లేదు. ఆ ట్రంకాళ్ళు కలిపే ఉద్యోగం నాది. అమలాపురం అవతల ఒక ఊరి నుంచి వచ్చి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరాను. ఊళ్ళో అందరి గొంతులూ నా చెవుల్లోంచే వెళ్ళేవి, పెళ్ళి కుదిరిన సంబరాలు, చావు కబుర్లు, అప్పుల వాళ్ళ బెదిరింపులు, అన్నీ. నాకంటూ మాత్రం ఒక్క ఫోను వచ్చేది కాదు, ఎవరు చేస్తారు గనక. ఒంటరి ఆడపిల్లకి గది ఇవ్వడానికి సికింద్రాబాదులో నాలుగు వీధులూ మొహం తిప్పుకుంటే, మా నాన్నగారు కాళ్ళీడ్చుకుంటూ చివరికి ఒక పాత పెంకుటింటి ముందు ఆగారు. ఆ ఇంటి గడప మీద తెల్లటి చేపల బొమ్మలున్న ముగ్గు ఉంది, ముగ్గు చూసి మనవాళ్ళే అనుకుని తలుపు తట్టారు. తీసింది గౌను వేసుకున్న, పండుబొప్పాయి రంగు మొహమున్న ఒక వృద్ధురాలు. పార్శీ ఆవిడ. ఆ ముగ్గు మనలా వేళ్ళతో వేసింది కాదు, చిల్లులున్న రేకుడబ్బాలో సున్నపుపొడి పోసి గడప మీద తట్టింది.

నా గురించి అడగాల్సినవన్నీ వదిలేసి ఆవిడ ఒక్కటే అడిగింది. “అబద్ధం ఆడతవా బేటీ?” అంది. నేను తెల్లబోయి, ఆడనండి అన్నాను. “ఆడకు. మా దాంట్ల గంతకన్న పెద్ద పాపం లేదు. కిరాయి లేటైతే లేటైందని చెప్పు, ఫికర్ లేదు,” అంది. అలా ఆ ఇంటి వెనక గది నాదైంది, ఆవిడ నాకు ఆంటీ అయింది.

ఆంటీకి భర్త పోయి చాలా కాలమైంది. ఒకే ఒక్క ఆడబిడ్డ పుట్టి పేరు పెట్టకముందే పోయిందట. ఆవిడ మామగారి తండ్రి నిజాము కాలంలో పత్తి వ్యాపారం కోసం బొంబాయి వైపు నుంచి వచ్చాడని, అంతకు ముందెప్పుడో వెయ్యేళ్ళ కిందట వాళ్ళ పెద్దలు ఇరాన్‌లో రాజ్యం పోయి, మతం మిగిలితే చాలని పడవలెక్కి గుజరాతు ఒడ్డుకి చేరారని సాయంత్రాలు చెప్పేది. అక్కడి రాజు మా దేశం నిండుగా ఉంది, చోటు లేదు అన్నట్టుగా అంచు దాకా పాలు నింపిన గిన్నె పంపితే, వాళ్ళ పెద్ద అందులో చక్కెర వేసి తిప్పి పంపాడట, ఒక్క చుక్క ఒలకలేదు, పాలు తీపెక్కాయి. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆంటీ తన చక్కెర లేని టీ వంక చూసి, “గంత చక్కెర తెచ్చినోళ్ళం, ఇప్పుడు నాకు డాక్టర్ చెంచాడు గుడ ఇయ్యడు,” అని నవ్వేది. ఆ టీలో పుదీనా, నిమ్మగడ్డీ వేసేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు కాళ్ళు ఆగిపోతాయి.

మీరు నిప్పుని పూజిస్తారట కదా అని ఒకసారి అడిగి చీవాట్లు తిన్నాను. దేవుడు ఒక్కడే, అహుర మజ్దా, నిప్పు ఆయన వెలుగుకి గుర్తు, నువ్వు దీపం ముందు నిలబడితే నూనెకి మొక్కుతున్నావా అని అడిగింది. మంచి తలపు, మంచి మాట, మంచి పని, ఈ మూడే మా ప్రవక్త జరతుష్ట్రుడు చెప్పినవి అంటూ నడుముకి మూడు చుట్లు తిప్పి కట్టుకున్న ఉన్ని తాడు చూపించింది. మా నాన్నగారి జంధ్యం గుర్తొచ్చింది, ఆడవాళ్ళకి కూడా ఉంటుందని తెలిసి ఎక్కడో చిన్న ఈర్ష్య కూడా కలిగింది. మా నాన్నగారు సంస్కృతం మాష్టారు, నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా ఆంటీతో వసారాలో కూర్చునేవారు. మాంసం వండే ఇల్లని మొదట బిగుసుకున్నారు గానీ, మన సోమం వాళ్ళకి హవోమ అని, మన అసుర శబ్దమే వాళ్ళకి అహుర అనే దేవుడని, మన దేవతలు వాళ్ళ దగ్గర దయ్యాలయ్యారని తెలిశాక ఆయనకి భలే హుషారొచ్చింది. ఎప్పుడో ఒకే ఇంటి అన్నదమ్ములై ఉంటారండీ, పంపకాల దగ్గర తగువొచ్చి ఒకరి దేవుణ్ణి ఒకరు తిట్టుకుంటూ విడిపోయారు అని తీర్పు చెప్పారు. ఆంటీ పొట్ట పట్టుకుని నవ్వింది.

అన్నీ చెప్పేది, ఒక్క చోటికి మాత్రం రానిచ్చేది కాదు. గంధపుచెక్కలు కాగితంలో చుట్టుకుని అగ్యారీకి, అంటే వాళ్ళ గుడికి, వెళ్ళేటప్పుడు తోడు నేనే, కానీ గేటు లోపల వేరే మతం వాళ్ళు అడుగు పెట్టకూడదు. నేను బయట అరుగు మీద కూర్చునేదాన్ని. లోపల ఏళ్ళ తరబడి ఆరకుండా కాపాడుకుంటున్న నిప్పుందని తెలుసు, పూజారి కూడా తన ఊపిరి తగలకుండా నోటికి గుడ్డ కట్టుకుని దాని దగ్గరికి వెళతాడని తెలుసు. నా వరకూ వచ్చేది వాసన ఒక్కటే.

ఇక అసలు విషయానికి వస్తాను. వాళ్ళ సంవత్సరం ఆగస్టులో మారుతుంది. దానికి ముందు పది రోజులు పోయినవాళ్ళ ఆత్మలు ఇళ్ళకి వస్తాయని వాళ్ళ నమ్మకం, ముక్తాద్ అంటారు. మన మహాలయ పక్షం లాంటిదే అనుకోండి, పిండాలుండవు, పూలుంటాయి. ఇల్లంతా కడిగి, పాలరాతి బల్ల మీద పోయిన ఒక్కొక్కరికీ ఒక్కొక్క వెండి కూజా పెట్టి, తాజా పూలు గుచ్చి, నీళ్ళు మారుస్తూ, పక్కన దీపం కొండెక్కకుండా చూసుకునేది ఆంటీ. మామగారిది, అత్తగారిది, భర్తది వరసగా ఉండేవి, చివర్న గుప్పెడంత చిన్నది ఆ పేరు లేని బిడ్డది. దానికి లిల్లీపూలు మాత్రమే పెట్టేది.

ఆఖరి ఏడాది నీళ్ళు మార్చడానికి ఆవిడకి ఓపిక చాలకపోతే నేను కూజాలు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు అడిగింది. డొంకతిరుగుడు లేకుండా, సిగ్గుపడకుండా, ఉప్పు అందుకోమని అడిగినంత మామూలుగా అడిగింది. “నా వెనక ఎవ్వరు లేరు బేటీ. నాకు ఒక్కటి పెట్టు. మంత్రాలు నీకు రావు, వద్దు. పూలు పెట్టి నీళ్ళు మార్చు, చాలు. వచ్చినంక నిలబడనీకి జర జాగ ఉండాలె గద.”

అలాగేనండీ అన్నాను. ఆడిన మాట అబద్ధం కాకూడదని ఆవిడ ఇంట్లోనే నేర్చుకున్నాను కదా.

ఆ చలికాలం ఆవిడని దవాఖానాలో చేర్చారు. నేను డ్యూటీలో ఉండగా మా సూపర్వైజరు వచ్చి నీకు ఫోను అంది. అన్నేళ్ళ ఉద్యోగంలో నా కోసం వచ్చిన మొదటి ఫోను అది. వాళ్ళ పెద్దలెవరో ఆంటీ పోయిందని చెప్పి, సాయంత్రం లోపల గుట్ట కింద ఉన్న వాళ్ళ ప్రార్థన ఇంటికి రమ్మన్నారు. నేను తిన్నగా వెళ్ళి ఉంటే సరిపోయేది. వట్టి చేతులతో ఎలా వెళ్ళడం అనిపించింది, మనవాళ్ళకి పుట్టుకతో వచ్చిన బుద్ధి అది, ఆఖరి చూపుకి దండ లేకుండా వెళతామా. మోండా మార్కెట్లో ఎర్రగులాబీల దండ ఒత్తుగా కట్టమని దగ్గర నిలబడి కట్టించుకున్నాను. అతను దారం తిప్పుతుంటే, ఆవిడ మెడలో ఎలా ఉంటుందో అనుకుంటూ నిలబడ్డాను.

వెళ్ళేసరికి స్నానం చేయించి ప్రార్థన మొదలుపెట్టేశారు. ఆ తరవాత పరాయి మతం వాళ్ళు మొహం చూడకూడదు. తెల్ల అంగీ వేసుకున్న ఒక పెద్దాయన బయటికి వచ్చి నా చేతిలో దండ చూసి నొచ్చుకున్నాడు. “మా కాయిదా గిట్లనే ఉంటదమ్మా. జర ముందుగాల వస్తె చూస్తుంటివి,” అన్నాడు మెల్లగా. నిప్పుని అంత పవిత్రంగా చూసుకునే వాళ్ళు శవాన్ని నిప్పుకివ్వరు, నేలకీ నీటికీ ఇవ్వరు, గుట్ట మీద గోడల మధ్య ఆకాశానికి, రాబందులకి వదిలేస్తారు. వెనక నడిచేవాళ్ళంతా తెల్లబట్టల్లో ఇద్దరిద్దరుగా, మధ్య ఒక తెల్ల రుమాలు చెరో కొసా పట్టుకుని వెళ్ళారు. చావు దగ్గర ఎవ్వరూ ఒంటరిగా నడవకూడదట. నేను దూరంగా గోడ పక్కన దండ పట్టుకుని నిలబడ్డాను. నా రుమాలు రెండో కొస పట్టుకునే వాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. అంత ఏడుపు నేను మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

ఇంటికొచ్చి దండ తెంపి ఆ గులాబీలు స్టీలు గ్లాసులో పెట్టుకున్నాను. బొంబాయి నుంచి వచ్చిన ఆంటీ మరిది కొడుకు పెద్ద కూజాలన్నీ తీసుకుపోతూ, అక్కడ గుడిలో పెట్టిస్తాం, నీకేం కావాలమ్మా అని అడిగాడు. పూలు పెడతానని మాట ఇచ్చానండీ అన్నాను. ఆయన ఆ గుప్పెడంత కూజా నా చేతిలో పెట్టాడు. అప్పటి నుంచీ తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ అందులోనే. గులాబీలు, మధ్యలో ఒక్క లిల్లీ.

ఇదంతా మేనకోడలికి చెప్పాను. చెవుల్లోవి తీసేసి విన్నది, నిజం చెప్పొద్దూ, చివరి దాకా విన్నది. సారీ అత్తా అని ప్లాస్టిక్ పూలు తీసి చెత్తబుట్టలో వేసింది. మధ్యలో ఫోను మోగితే అదీ కట్టేసింది. నాకు కడుపు నిండింది.

ఆ పది రోజులూ పొద్దున్నే నీళ్ళు మార్చాను. పాత నీళ్ళు ఆంటీ మొక్కల మొదట్లో పోసేది, నాకిక్కడ మట్టి అంటే బాల్కనీలో తులసి కుండీ ఒక్కటే. ఆ ఇల్లు పడగొట్టి ఎన్నో ఏళ్ళయింది. గుట్ట మీదికి వచ్చే రాబందులే ఇప్పుడు లేవంటారు. మా కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆఫీసు మేడల్లో సాయంత్రం వెలిగిన దీపాలు ఆరనే ఆరవు, కానీ వాటిని కనిపెట్టుకుని ఎవరూ కూర్చోరు, వాటంతటవే ఉంటాయి. కనిపెట్టుకుని ఉండే మనుషులే తగ్గిపోయారు అనిపిస్తుంది.

ఒకటి మాత్రం ఆలోచిస్తూ ఉంటాను. ఆంటీ తన రక్తం కాని, తన మతం కాని, వెనక గదిలో అద్దెకున్న పిల్లని అంత ధైర్యంగా ఎలా అడగగలిగింది? నా సొంత తమ్ముడి కూతుర్ని, ఒకే కప్పు కింద ఉన్నదాన్ని, అడగడానికి నాకు నోరు పెగలదు. అది ఎంత పనిలో ఉందో చూస్తున్నాను కదా. దానికి ఆగస్టంటే ఏవో గడువులు, మీటింగులు.

చివరి రోజు పూలు తీసేసి, కూజా చింతపండుతో తోమి, తుడిచి, ఎప్పట్లా నా పెట్టె అడుగున చీర మడతల్లో దాచబోయి ఆగాను. బస్సు కోసం హడావిడిగా చెప్పులేసుకుంటున్న మేనకోడలి చేతికి ఇచ్చాను.

“ఎక్కడ పెట్టమంటావత్తా?” అంది.

“ఎక్కడ పెడితే నీకు రోజూ కనిపిస్తుందో అక్కడ పెట్టమ్మా,” అన్నాను. అంతకు మించి అడగడం నాకు చేతకాలేదు.

అది ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఏమర్థమైందో, ఏమీ కాలేదో. కూజాని తాళంచెవులు పెట్టుకునే బల్ల మీద పెట్టి, లిఫ్టు వచ్చిందని వెళ్ళిపోయింది.